నవ్వూ దుఃఖమూ ఒకే గూటిలో: కోలుకునే మనుషుల ప్రేమకథ ఎలా పనిచేస్తుంది

క్లుప్తంగా: ఓడిపోయిన మనిషి, అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి ఒకరికొకరు దగ్గరయ్యే నవ్వుల ప్రేమకథలో ఆశను ప్రేమ తెచ్చివ్వదు. ప్రేమకంటే ముందే, చేతికందే ఒక చిన్న పనిలోంచి అది పుట్టాలి. నవ్వు పుట్టవలసింది గాయం మీద కాదు, గాయాన్ని దాచుకునే అలవాట్ల మీద. కోలుకోవడం మెట్లెక్కినట్టు ఉండదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇలాంటి కథ చెడిందంటే చాలాసార్లు ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది.

హాస్యప్రేమకథ అనుకుని కూర్చున్న సినిమాలో పదో నిమిషానికే మనిషి పోయిన ఇల్లు కనబడుతుంది. నవల అయితే మొదటి అధ్యాయంలోనే ఒకరి పదేళ్ల శ్రమ మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. చూసేవాళ్లకూ చదివేవాళ్లకూ సందేహం అక్కడే మొదలవుతుంది: ఇది నవ్వించడానికి వచ్చిందా, ఏడిపించడానికి వచ్చిందా? ఇలాంటి కథల్లో కొన్ని హాయిగా మనసులోకి దిగుతాయి. కొన్ని ఎంత మంచి నటులున్నా, ఎంత చక్కటి మాటలున్నా ఎబ్బెట్టుగా ఉంటాయి. తేడా రాసినవాళ్ల మంచి మనసులో లేదు. కథలో ఏ భాగం ఎక్కడ పడింది, ఏది ఏ పని చేస్తోంది అన్నదాంట్లో ఉంది.

## అడ్డంకి లోపల ఉన్నప్పుడు

నవ్వుల ప్రేమకథ చాలా పాతది. గ్రీకు నాటకకర్త మెనాండర్ రాసిన ‘డిస్కోలస్’ క్రీ.పూ. 316 నాటిది. అందులో ప్రేమికుడికి అడ్డు అమ్మాయి తండ్రి, మనుషులంటేనే పడని ముసలాయన. సాహిత్య విమర్శకుడు నార్త్రప్ ఫ్రై 1957లో అచ్చయిన ‘అనాటమీ ఆఫ్ క్రిటిసిజం’లో ఈ తరహా కథల నమూనాను విడదీసి చూపించాడు. ఇద్దరు కలవాలనుకుంటారు, ఒక పెద్దమనిషో చట్టమో అడ్డుపడుతుంది, చివరికి ఆ అడ్డు తొలగి కొత్త సమాజం ఏర్పడుతుంది. అడ్డంకి బయట ఉంటుంది కాబట్టి దాన్ని మోసగించవచ్చు, ఒప్పించవచ్చు, నవ్వులపాలు చేయవచ్చు.

కోలుకునే మనుషుల కథలో ఆ అడ్డంకి ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఇద్దరినీ ఎవరూ ఆపడం లేదు. వాళ్లను ఆపుతున్నది వాళ్ల గతమే. దాన్ని మారువేషంతో దాటలేం, ఉత్తరం మార్చి బోల్తా కొట్టించలేం. ఇదీ కొత్త సంగతి కాదు. షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ 1602 ఫిబ్రవరిలో లండన్‌లో ఆడినట్టు ఆనాటి ఒక డైరీలో నమోదై ఉంది. ఆ హాస్యనాటకం మొదలయ్యేసరికి వయోలా తన కవల సోదరుడు సముద్రంలో మునిగిపోయాడనుకుంటోంది. ఒలీవియా చనిపోయిన సోదరుడి కోసం ఏడేళ్లు మేలిముసుగు వేసుకుని ఉంటానని ఒట్టు పెట్టుకుంది. అంటే ఇద్దరు సోదరుల కోసం పడే దుఃఖాల మీద ఒక నవ్వుల నాటకం నిలబడింది. అక్కడ నవ్వు దేనిమీద వచ్చిందో చూడాలి. సోదరుడి చావు మీద ఎవరూ నవ్వరు. ఏడేళ్లని లెక్కపెట్టి, గడువు పెట్టుకుని దుఃఖపడతాననే ఆ పట్టుదల మీద నవ్వుతారు.

## కరుణకూ విప్రలంభానికీ మధ్య గీత

ఇలాంటి కథల లోపలి పనితీరును నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం ఒక్క మాటలో పట్టుకుంది. శృంగారరసానికి సంభోగం (కలయిక), విప్రలంభం (ఎడబాటు) అని రెండు రూపాలు చెప్పి, భరతుడు ఒక ప్రశ్న లేవనెత్తుతాడు: విప్రలంభంలోనూ నిట్టూర్పులు, కన్నీళ్లు, నిద్రలేమి ఉంటాయి కదా, మరి దానికీ శోకంలోంచి పుట్టే కరుణరసానికీ తేడా ఏమిటి? జవాబు సూటిగా ఉంటుంది. కరుణ నిరపేక్షం, అంటే ఎదురుచూడటానికి ఏమీ మిగలనిది. విప్రలంభం సాపేక్షం, అంటే ఎదురుచూపు ఇంకా బతికి ఉన్నది. పైకి కనబడే లక్షణాలు దాదాపు ఒకటే. వాటిని విడదీసేది ఆశ ఒక్కటే.

దీన్ని కథకు అన్వయిస్తే పని స్పష్టమవుతుంది. మనిషి పోయిన దుఃఖం కరుణ. పోయినవాళ్లు తిరిగిరారు, కథ ఆ విషయంలో అబద్ధం చెప్పకూడదు. కానీ ఆ దుఃఖంలో ఉన్న మనిషి మళ్లీ దేనికోసమైనా ఎదురుచూడటం మొదలుపెట్టిన క్షణం నుంచి కథ శృంగారం వైపు తిరుగుతుంది. ఎదురుచూసేది ప్రేమకోసమే కానక్కర్లేదు. రేపు పొద్దున రావలసిన చెక్కల బండి కోసమైనా చాలు. ఈ మలుపు ఎక్కడ జరిగిందో రచయితకు పేజీ నంబరుతో సహా తెలిసి ఉండాలి. అది లేకుండా ఇద్దరి మధ్య ఆకర్షణ చూపిస్తే, చూసేవాళ్లకు అది తొందరపాటుగానో ద్రోహంగానో తోస్తుంది.

## ‘చేయగలనా?’ వేరు, ‘చేయవచ్చా?’ వేరు

ఓటమినీ వియోగాన్నీ ‘బాధ’ అనే ఒకే గంపలో వేయడం చాలా కథల్లో మొదటి పొరపాటు. రెండూ వేర్వేరుగా పనిచేస్తాయి.

ఓటమి వెంట వచ్చేది సిగ్గు. ‘ఇది నా వల్ల జరిగింది’ అన్నది దాని మాట. సిగ్గుపడే మనిషి దాక్కుంటాడు, పాత స్నేహితులు కనబడితే దారి మారుస్తాడు, చేసిన వృత్తి పేరు చెప్పడు. అతని లోపల తిరిగే ప్రశ్న ‘మళ్లీ చేయగలనా?’ వియోగం వెంట వచ్చేది శోకం. ‘ఇది నాకు జరిగింది’ అన్నది దాని మాట. శోకంలో ఉన్న మనిషి దాక్కోడు, దాచుకుంటాడు. బట్టలు, గొంతు, గదిలో కుర్చీ ఉన్న చోటు, ఏదీ కదలకూడదు. అతని ప్రశ్న ‘మళ్లీ సంతోషపడవచ్చా?’ మొదటిది సామర్థ్యం గురించి. రెండోది అనుమతి గురించి.

ఒక ఉదాహరణ కట్టి చూస్తే ఇది తేలికగా తెలుస్తుంది. ఆమె వంతెనల ఇంజినీరు. ఆమె గీసిన కాలినడక వంతెన జనం నడిచేసరికి పక్కలకు ఊగింది. రెండు రోజుల్లో మూసేశారు. (కల్పన కోసం అల్లినదేమీ కాదు. లండన్ మిలీనియం వంతెనకు 2000 జూన్‌లో ఇదే జరిగింది. ఊగుతున్న వంతెన మీద జనం తెలియకుండానే ఒకే లయలో అడుగులు వేయడంతో ఊపు ఇంకా పెరిగింది. ఊపును మింగే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు.) కథలో ఆమె వంతెన మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. ఇప్పుడామె ఏ వంతెనా ఎక్కదు. నది దాటాలంటే పడవ కోసం గంట కాచుకుంటుంది. అతను ఒక ఉద్యానవనం చూసుకునే మనిషి, భార్య పోయి రెండేళ్లు. పోయిన భార్య ఫోన్‌కు ఎవరైనా చేస్తే ‘ఇప్పుడు అందుబాటులో లేను’ అని రికార్డయిన ఆమె గొంతే పలుకుతుంది. ఆ గొంతు కోసం ఎవరూ వాడని కనెక్షన్‌కు నెలనెలా డబ్బు కడుతున్నాడు.

ఇద్దరి గాయాలూ వేరు కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు పనికొస్తారు. గాయాలు ఒకటే అయితే, ఇద్దరు ఓడినవాళ్లయినా ఇద్దరు భాగస్వాములను పోగొట్టుకున్నవాళ్లయినా, సానుభూతి వెంటనే కుదిరిపోతుంది, కథ కదలదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడంలోంచే నవ్వూ గొడవా రెండూ వస్తాయి.

ఓటమికి ఖచ్చితమైన కారణం ఉండటం కూడా అవసరం. ‘వ్యాపారంలో నష్టపోయాడు’ అంటే ఏమీ తెలియదు. వంతెన ఎందుకు ఊగిందో, ఏ లెక్క వదిలేశారో తెలిస్తే దాన్ని సరిచేసే దారి కూడా కథలోనే దొరుకుతుంది. కారణం లేని ఓటమికి విరుగుడు కూడా గాల్లోంచే ఊడిపడాల్సి వస్తుంది.

## నవ్వు ఎక్కడ పుట్టాలి

పరిశోధకులు పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో హాస్యం గురించి ఒక వివరణ ఇచ్చారు. ఏదో ఒక కట్టుబాటు చెదరాలి, అదే సమయంలో ఆ చెదరడం వల్ల ప్రమాదం లేదనీ అనిపించాలి. రెండూ ఒకేసారి ఉంటేనే నవ్వు. చెదరడం మాత్రమే ఉంటే బాధ, ప్రమాదం లేకపోవడం మాత్రమే ఉంటే విసుగు. చావు, ఘోరమైన ఓటమి మొదటి షరతును అతిగా తీరుస్తాయి. రెండోదాన్ని రచయితే సమకూర్చాలి.

సమకూర్చే పద్ధతి ఒకటుంది. నవ్వును గాయం మీద నుంచి జరిపి, గాయానికి కట్టుకున్న కట్టు మీద పెట్టడం. భార్య చావు నవ్వు పుట్టించదు. కానీ ఆ ఫోన్‌కు గ్రంథాలయం వాళ్లు తిరిగివ్వని పుస్తకం కోసం చేసిన సందేశాలు, వాటికి అతను అదే నంబరుకు ఫోన్ చేసి సందేశంగా వదిలే జవాబులు నవ్విస్తాయి. వంతెన మూసేయడం నవ్వు కాదు. చెరువు మీద నాలుగు మీటర్ల చెక్కబాట దాటలేక, ముఖ్యమైన మనిషిని కలవడానికి గట్టు చుట్టూ పరుగెత్తి బురదకాళ్లతో చేరడం నవ్వు. కట్టు ఎంత వింతగా ఉంటే లోపలి గాయం అంత లోతని చూసేవాళ్లకు విడిగా చెప్పకుండానే అర్థమవుతుంది. అంటే ఒకే దృశ్యం రెండు పనులు చేస్తుంది.

ఎవరు ముందు నవ్వారన్నది రెండో విషయం. పోగొట్టుకున్న మనిషి తన సంగతి మీద తాను నవ్వకముందే పక్కవాళ్లు నవ్వితే అది క్రూరంగా ఉంటుంది. అతను ఒక్కసారి నవ్వితే మిగతావాళ్లకు తలుపు తెరుచుకుంటుంది. డాకర్ కెల్ట్నర్, జార్జ్ బొనాన్నో 1997లో ప్రచురించిన పరిశోధనలో, జీవిత భాగస్వామి పోయి దాదాపు ఆరు నెలలైనవాళ్లు ఆ మనిషి గురించి మాట్లాడేటప్పుడు వచ్చే నవ్వులను గమనించారు. కళ్లదాకా వెళ్లే నిజమైన నవ్వు వచ్చినవాళ్లలో బాధ తక్కువగా, తోటివాళ్లతో సంబంధాలు మెరుగ్గా కనిపించాయి. దుఃఖంలో నవ్వు దుఃఖాన్ని కాదనుకోవడం కాదని దీనివల్ల తెలుస్తుంది. కథల్లో దుఃఖంలో ఉన్న మనిషిని గంటసేపు రాయిలా కూర్చోబెట్టడం, నవ్వించే భారమంతా స్నేహితుడి పాత్ర మీద వేయడం జీవితానికి దూరమైన పద్ధతి.

ఆ నవ్వుకు కొలత కూడా ఉండాలి. భరతుడు నవ్వును ఆరు రకాలుగా చెప్పాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనబడని చిరునవ్వు దగ్గర మొదలై, కళ్ల నీళ్లు తిరిగి ఒళ్లు కదిలిపోయే నవ్వు దాకా వెళుతుంది. అతను వీటిని పాత్రల స్థాయిని బట్టి విభజించాడు. కోలుకునే కథలో వీటిని కాలక్రమంలో వాడుకోవచ్చు. మొదటి మూడోవంతులో స్మితం దాటకుండా ఆపితే, సగం దగ్గర ఆపుకోలేని ఒక్క నవ్వు చాలా బరువుగా దిగుతుంది. మొదట్లోనే అతిహసితం ఖర్చుపెట్టేస్తే తర్వాత చూపడానికి ఏమీ మిగలదు.

కరుణ నుంచి హాస్యంలోకి నేరుగా దూకడం కూడా ప్రమాదమే. ఆ రెండూ విరోధి రసాలని, అంటే ఒకదాన్నొకటి చెడగొట్టేవని, అలంకారశాస్త్ర గ్రంథం సాహిత్యదర్పణం చెబుతుంది. విరోధి రసాలను ఒకేచోట నడపాల్సి వస్తే మధ్యలో మూడో రసాన్ని నిలపమని ధ్వన్యాలోకమనే అలంకారశాస్త్ర గ్రంథంలో ఆనందవర్ధనుడు ఉపాయం చెప్పాడు. నాగానందం అనే సంస్కృత నాటకంలో శాంతానికీ శృంగారానికీ మధ్య అద్భుతం వచ్చి కూర్చోవడమే ఉదాహరణ. ఇది నేటి కథకూ అక్షరాలా పనికొచ్చే సలహా. ఏడుపు దృశ్యం తర్వాత వెంటనే జోకు వేస్తే జోకు పండదు, ఏడుపు అబద్ధమైపోతుంది. మధ్యలో ఒక చిన్న ఆశ్చర్యం పడితే చాలు: ఊహించనిచోట మొలిచిన మొక్క, చీకట్లో చెరువు మీద వాలిన పక్షుల గుంపు, పాత గడియారం దానంతటదే మోగడం. మనసు ఒక ఊపిరి తీసుకుంటుంది. తర్వాత నవ్వడానికి సిద్ధమవుతుంది.

## ఆశకు ఆకారం ఇచ్చేది పని

మనస్తత్వవేత్త సి. ఆర్. స్నైడర్ 1991 నుంచి వివరించిన ఆశా సిద్ధాంతంలో ఆశ ఒక భావోద్వేగం కాదు. ఒక గమ్యం, అక్కడికి చేర్చే దారులు, ఆ దారిలో నడవగలననే పట్టు కలిసినప్పుడు ఏర్పడే ఆలోచన అది. దీనికి వెయ్యేళ్ల ముందే ధనంజయుడు నాటకరచన గురించిన తన దశరూపకంలో కథలోని ఐదు అవస్థలను వివరించాడు: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. సరిగ్గా నడుమ ఉన్నదాని పేరులోనే ఆశ ఉంది. ఉపాయమూ ఉంది, అపాయ భయమూ ఉంది, ఆ రెంటి మధ్య దొరకవచ్చు అనిపించే స్థితిని ప్రాప్త్యాశ అన్నాడు. ఉపాయం లేకపోతే అది వట్టి కోరిక. అపాయ భయం లేకపోతే కథే లేదు.

కాబట్టి ఆశను సంభాషణల్లో చెప్పించడం వృథా. దానికి పని కావాలి. ఆ పనిని ఎంచుకోవడంలోనే సగం కథ తేలిపోతుంది. అది చేతులతో చేసేదై ఉండాలి, ఎందుకంటే మనసు మారిందని కెమెరాకు కనబడదు, చెక్క బిగిసిందని కనబడుతుంది. ఇద్దరు ఉంటే తప్ప కాకూడదు. గడువు ఉండాలి. చెడిపోయే అవకాశం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అది పాత ఓటమికి చిన్న నమూనా అయి ఉండాలి కానీ దానికి ప్రతీకారం కాకూడదు.

వంతెన కథలో ఆ పని చెరువు మీద కుళ్లిపోయిన చెక్కబాటను తిరిగి కట్టడం. పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు ఒక మీటరు. కాలినడక వంతెనకు చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల బరువు లెక్కవేయడం మామూలు. అంటే మొత్తం 2,000 కిలోలు, 25 కిలోల ఇసుక బస్తాలైతే 80. ఆమె 80 పెట్టి పరీక్షించాల్సిందే అంటుంది. ఆ బాట మీద ఒకేసారి ముగ్గురికంటే ఎక్కువమంది ఎప్పుడూ నడవలేదని అతనంటాడు. ఇక్కడ అంకెలు హాస్యానికీ భయానికీ ఒకేసారి పనికొస్తాయి. 63వ బస్తా దగ్గర చెక్క ఒక్కసారి కిర్రుమంటుంది. లెక్క ప్రకారం ఆ చప్పుడు ప్రమాదం కాదని ఆమెకు తెలుసు. అయినా 64వ బస్తా ఎత్తలేకపోతుంది. సగానికి పైగా గెలిచి ఆగిపోయిన ఈ చోటే కథకు నడిబొడ్డు.

గెలుపు ఎంత ఉండాలన్నదీ తెగించి తేల్చుకోవలసిన సంగతి. 2012లో వచ్చిన ‘సిల్వర్ లైనింగ్స్ ప్లేబుక్’లో భర్తను పోగొట్టుకున్న యువతి, కాపురం చెడి మానసిక చికిత్సాలయం నుంచి వచ్చిన యువకుడు కలిసి నాట్యపోటీకి తయారవుతారు. పందెం నెగ్గాలంటే వాళ్లకు పదికి సగటున ఐదు మార్కులు రావాలి. సరిగ్గా ఐదే వస్తాయి. చుట్టూ ఉన్న మంచి నర్తకులకు అది జాలిపడవలసిన మార్కు. వీళ్లకు పండుగ. ఆ రెండు చూపుల మధ్య తేడాలోంచి నవ్వు వస్తుంది, ఆ నవ్వులోనే ఆశ ఉంటుంది. వాళ్లకు పదికి పది వచ్చి కప్పు గెలిచి ఉంటే అది ఆటల సినిమా అయ్యేది, కోలుకునే కథ అయ్యేది కాదు.

## మెట్లు కాదు, ఊయల

దుఃఖానికి ఐదు దశలన్న మాట బాగా ప్రచారంలో ఉంది. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను రాసింది ప్రధానంగా మరణానికి దగ్గరైన రోగులను గమనించి. తర్వాత అవి అన్ని రకాల దుఃఖాలకూ అతుక్కుపోయాయి. కథారచనలోకి వచ్చేసరికి ఒక్కో దశకు ఒక్కో అధ్యాయం కేటాయించే సూత్రంలా మారాయి. అలా రాసిన కథ నిచ్చెన ఎక్కినట్టుంటుంది. తర్వాతి మెట్టు ఏదో అందరికీ ముందే తెలుసు.

దుఃఖాన్ని పరిశోధించిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియ నమూనా కథకు ఎక్కువ పనికొస్తుంది. దాని ప్రకారం మనిషి కోల్పోయినదాని వైపు, తిరిగి కట్టుకోవలసిన బతుకు వైపు మార్చి మార్చి తిరుగుతాడు. ఒకే రోజులో కూడా అటూ ఇటూ ఊగవచ్చు. ఆ ఊగడం జబ్బు కాదు, కోలుకునే తీరే అది. దశరూపకంలో గర్భసంధి (నాటకం నడుమ భాగం) లక్షణం కూడా ఇదే చెబుతుంది: కనబడి మాయమైన బీజాన్ని, అంటే కథకు మూలమైన విత్తనాన్ని, మళ్లీ మళ్లీ వెతకడం. కథ నడుమ భాగమంతా చేయవలసిన పని ఇదే. ఆశ కనబడాలి, పోవాలి, వెతకాలి, ఇంకోచోట ఇంకో రూపంలో కనబడాలి.

స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ సుమారు ఒక నిమిషం. 110 పేజీల రాతలో ఈ ఊగడాన్ని ఇలా పరచవచ్చు. మొదటి పది పేజీల్లో గాయం కాదు, కట్టు కనబడాలి. అంటే ఫోన్ బిల్లు కట్టడం కనబడాలి, ఎందుకో తెలియనక్కర్లేదు. ఇద్దరూ కలవడం 12, 15 పేజీల మధ్య. పని చేతికి రావడం 25వ పేజీకి అటూ ఇటూ. పోగొట్టుకున్న మనిషి మొదటి నిజమైన నవ్వు 40 లోపు. 55 దగ్గర సగం గెలుపు. ఈ 25కూ 55కూ మధ్య కనీసం రెండుసార్లు వెనక్కి జారాలి, రెండోసారి మొదటిదానికంటే లోతుగా. 80, 85 మధ్య పెద్ద విరుపు. 95 దాకా ఒంటరి పని. మిగతా పదిహేను పేజీల్లో కలయిక. నవలకైతే ఇవే పాళ్లు. 85 వేల మాటల నవలలో పని చేతికి వచ్చేది సుమారు 19 వేల దగ్గర. ఈ అంకెలు నాలుగైదు పేజీలు జరిగితే కొంప మునగదు. అసలు సంగతి వరుస. గాయం పూర్తి వివరం పని మొదలయ్యాకే రావాలి. ముందే చెబితే జాలి ముందొచ్చి కూర్చుంటుంది, జాలి ఉన్నచోట సరసం నిలవదు.

## పోయినవాళ్లకు ఎంత చోటు

ఈ తరహా కథలో కంటికి కనబడని మూడో మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని దేవతను చేస్తే కొత్తగా వచ్చినవాళ్లు ఎప్పటికీ సరితూగరు. దుర్మార్గుణ్ణి చేస్తే (‘నిజానికి ఆ కాపురం ఎన్నడూ సుఖంగా లేదు’ అని చివర్లో బయటపెడితే) దుఃఖమంతా మోసమైపోతుంది. రెండోది సులువైన దారి కాబట్టి ఎక్కువ కథలు అటే వెళతాయి. దానివల్ల అనుమతి ప్రశ్నకు జవాబు రాదు, ప్రశ్నే రద్దవుతుంది.

పోయినవాళ్లకు మామూలు మనిషి కొలతలు ఇవ్వడం మేలు: ఒక మంచి అలవాటు, ఒక విసిగించే అలవాటు, సగంలో ఆగిపోయిన ఒక గొడవ. డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ 1996లో తెచ్చిన సంకలనంతో ‘కొనసాగే బంధాలు’ అనే ఆలోచన బలపడింది. పోయినవాళ్లతో తెగతెంపులు చేసుకోవడమే కోలుకోవడం కాదు, ఆ బంధం రూపం మార్చుకుని సాగవచ్చు అన్నది దాని సారం. కథలో దీని అర్థం, చివర్లో ఫొటో గోడ మీంచి దించనక్కర్లేదు. వేరే గోడకు మారితే చాలు.

ఎంత త్వరగా అన్న ప్రశ్న జేన్ ఆస్టిన్ ‘పర్సుయేషన్’లో, 1817 చివర్లో అచ్చయిన నవలలో, నేరుగా చర్చకు వస్తుంది. కాబోయే భార్యను పోగొట్టుకుని కుమిలిపోతున్న కెప్టెన్ బెన్‌విక్ ఏడాది తిరక్కముందే ఇంకో అమ్మాయితో పెళ్లి నిశ్చయించుకుంటాడు. చనిపోయినామె అన్నకు అది మింగుడుపడదు. అదే నవలలో ఎనిమిదేళ్ల కిందట తాను వదులుకున్న ప్రేమను ఆన్ ఎలియట్ ఇంకా మోస్తూనే ఉంటుంది. ఒకరి తొందరను ఇంకొకరి ఓర్పు పక్కన నిలబెట్టి, ఏది సరైన కాలమో నవల నిర్ణయించదు. బయటి మనిషి నోట ఆ అసహనాన్ని పలికించడమే అక్కడి నేర్పు. చదివేవాళ్ల మనసులో మెదిలే అభ్యంతరాన్ని కథలోనే ఒకరు గట్టిగా అడిగేస్తే, అది కథను చెడగొట్టదు, నిలబెడుతుంది.

## విరుపు ఎక్కడ నుంచి రావాలి

ఈ కథల్లో ఎక్కువగా కుంటుపడేది 80వ పేజీ తర్వాత. సగం విన్న ఫోన్ మాట, దారిలో కనబడిన పాత ప్రియురాలు, ఆలస్యంగా చేరిన ఉత్తరం లాంటి అపార్థాలతో ఇద్దరినీ విడదీస్తారు. బయటి అడ్డంకుల కథలో అవి చెల్లుతాయి. ఇక్కడ అడ్డంకి లోపల ఉంది కాబట్టి విరుపూ లోపలి నుంచే రావాలి. ఒకరి మంచి గుణమే ఇంకొకరి గాయానికి తగలాలి.

వంతెన కథలో ఆమెకు ప్రేమంటే బాగుచేయడం. ఆ ఫోన్ కనెక్షన్ ఏదో రోజు ఆగిపోతే గొంతు పోతుందని భయపడి, అడగకుండా ఆ రికార్డును భద్రమైన చోటికి ఎక్కించి, పాత కనెక్షన్ మూయించేస్తుంది. గొంతు చెక్కుచెదరలేదు. కానీ అతని ప్రశ్న ఎప్పుడూ ‘చేయగలనా’ కాదు, ‘చేయవచ్చా’. ఆ అనుమతి ఇవ్వవలసింది అతనొక్కడే. అదే వారంలో అతను చేసిన తప్పు దీనికి అద్దం లాంటిది. ఆమె బాధ చూడలేక రాత్రి ఒక్కడే వెళ్లి మిగిలిన 17 బస్తాలూ వంతెన మీద పెట్టి, ‘నిలబడింది, ఇక భయం లేదు’ అని చూపిస్తాడు. ఆమెకు తేలవలసింది వంతెన బలం కాదు, తన చేయి. ఆ పరీక్షను అతను ఆమె దగ్గర నుంచి తీసేసుకున్నాడు. ఇద్దరివీ మంచి పనులే, ఇద్దరివీ దాడులే. ఎవరు తప్పో చూసేవాళ్లు తేల్చలేకపోతే విరుపు సరిగ్గా పడినట్టు.

తర్వాతి పది పేజీల్లో ఇద్దరినీ కలపడానికి స్నేహితులు పరుగులు పెట్టకూడదు. ఇద్దరూ ఎవరి పని వాళ్లు ఒంటరిగా చేయాలి. ఈ భాగాన్ని కోసేస్తే కథ మొత్తం ‘ప్రేమే మందు’ అనే చోటికి జారుతుంది. అలాంటప్పుడు ఒక పాత్ర రోగి, ఇంకో పాత్ర నర్సు. నర్సుకు సొంత కోరిక ఉండదు, సొంత జోకు ఉండదు, రోగి కోలుకున్నాక ఆమెకు కథలో పని ఉండదు. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఇద్దరూ అసలు కలవకపోయి ఉంటే రెండో పాత్ర ఈ ఏడాది ఏం చేసి ఉండేదో రెండు వాక్యాల్లో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పాత్ర ఇంకా పుట్టలేదు.

## ముగింపు కొలత

ప్రేమకథ అనే వర్గానికి రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంస్థ చెప్పిన లక్షణాలు రెండే: కథకు కేంద్రంలో ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేలా, ఆశ నిండేలా ఉండాలి. పెళ్లి తప్పనిసరి అని అందులో లేదు. కోలుకునే కథకు ‘ఇప్పటికి సంతోషం’ అన్న కొలత తరచూ ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే జీవితం ఎప్పుడు ఏం తీసుకుపోతుందో ఈ ఇద్దరికీ ముందే తెలుసు. వాళ్ల నోట శాశ్వతమైన మాటలు పలికిస్తే నమ్మబుద్ధి కాదు. వచ్చే వారం పెట్టుకున్న ఒక చిన్న పని గురించి మాట్లాడిస్తే నమ్ముతారు.

ముగింపులో మూడు ఖాతాలు తేలాలి, ఒకే దృశ్యంలో అయితే మరీ మంచిది. పాత ఓటమి చెరిగిపోకూడదు. ఆమె పెద్ద వంతెన మూసే ఉంటుంది, పత్రికలు క్షమాపణ చెప్పవు. పోయినామె చోటు మారాలి, పోకూడదు. ఆ గొంతును అతను తనంతట తాను ఇంజినీరుకు వినిపించాలి, గ్రంథాలయం పుస్తకం సంగతి చెబుతూ ముందు తనే నవ్వాలి. పని పూర్తి కావాలి, కానీ మొదటి నుంచి. అందుకే అతను పెట్టిన 17తో పాటు మొత్తం 80 బస్తాలూ దించేస్తారు. ఆమె ఒకటో బస్తా ఎత్తుతుంది. అతను గట్టు మీద కూర్చుని లెక్కపెడతాడు. 63 దగ్గర చెక్క మళ్లీ కిర్రుమంటుంది. అతను లెక్క ఆపడు, సాయానికి లేవడు. ఆమె 64వది ఎత్తి పెట్టి, వంగి చెక్క కింద చూసి, తర్వాతిదాని కోసం వెనక్కి తిరుగుతుంది.